పూజలో పెట్టని స్పానర్

పోయిన నెల మా కారు ముందు చక్రాల దగ్గర ఏదో టకటకమంటుంటే, ఎప్పుడూ ఇచ్చే షెడ్డుకే తీసుకుపోయాను. షెడ్డాయన కారును పైకెత్తి, కిందికి దూరి, కాసేపు టార్చి వేసి చూసి, ఒక రబ్బరు ముక్కను అరచేతిలో పెట్టుకొని వచ్చాడు. ఎండిపోయిన గారెలాగా పగిలి ఉంది అది. "బుష్‌లు పోయినాయి మేడమ్, ఆర్ములు కూడా మార్చాల్సిందే" అన్నాడు. సరే మార్చమన్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాకు ఊరుకోవడం చిన్నప్పటి నుంచీ రాదు. "చివరి బిగువు బండిని కింద దించినాకే కదా ఇచ్చేది? గాల్లో ఉన్నప్పుడే బిగించెయ్యరు కదా?" అని అడిగాను. ఆయన నన్నూ, నా చేతిలోని కూరగాయల సంచినీ, నా నెరిసిన జుట్టునూ ఒకసారి కలయజూశాడు. మీకెవరు నేర్పించారు మేడమ్ అన్నాడు. మా నాయన అని చెప్పేశాను. మా నాయనకు కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా సరిగ్గా తెలియదు. ఆ మాట నోట్లోంచి ఎందుకొచ్చిందో ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ ఆలోచిస్తే, అంత తప్పు చెప్పలేదేమో అనిపించింది.

మాది తిరుత్తణిలో నేతగాళ్ల వీధి. గడప లోపల తెలుగు, గడప దాటితే అరవం. వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే ఎవరింట్లో మగ్గం ఆడుతోందో, ఎవరింట్లో ఆగిందో చెవులే చెప్పేవి. నాయన పొద్దున లేవగానే క్యాలెండరు కాగితం చించి, దాని మీది రాహుకాలం, యమగండం చదువుకొని గానీ మగ్గం గుంటలో కాలు పెట్టేవాడు కాదు. ఆయన లెక్కలో లోకంలో ఉన్నది రెండే టైములు, మంచి టైము, చెడ్డ టైము. పెళ్లిచూపులకైనా, పళ్లు పీకించుకోవడానికైనా అదే లెక్క. ఒకసారి పన్నునొప్పితో చెంప వాచిపోయి కూడా రాహుకాలం వెళ్లేదాకా వీధి అరుగు మీద కూర్చున్నాడే తప్ప డాక్టరు మెట్లెక్కలేదు.

మా అన్నకు మగ్గం పట్టుబడలేదు. మోటారు షెడ్డులో చేరి పని నేర్చుకొని, ఎనభైల మొదట్లో ఒక పాత నల్ల కారు కొన్నాడు. స్టేషన్లో దిగిన యాత్రికులను కొండ మీదికి తీసుకుపోవడం దాని పని. నాయన దాన్ని ఒక్కనాడూ ఎక్కలేదు. "మన ఇంట్లో తిరగాల్సిన చక్రం రాట్నం ఒకటే" అనేవాడు, అన్నకు వినపడేటట్టు, అన్నతో కాకుండా. కొండ మలుపుల్లో తిరిగీ తిరిగీ ఆ కారు ముందు భాగం అరిగిపోయింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చేతులుంటాయి, వాటినే ఆర్ములంటారు. అవి అరిగి, వాటి కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు పిండి పిండి అయిపోయాయి. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగేది, గుంతలో పడితే కాళ్ల కింద దడదడమనేది. ఆ కారెక్కిన యాత్రికులు కొండ పైకి చేరకముందే స్వామిని గట్టిగా తలుచుకునేవారని అన్నే నవ్వుతూ చెప్పేవాడు.

ఆ ఏడాది మా అక్క తొలికాన్పుకు ఇంటికి వచ్చింది. నెలలు నిండడానికి ఇంకా రెండు వారాలుంది. నొప్పులొస్తే ఈ దడదడల బండిలోనేనా బిడ్డను తీసుకుపోయేది అని అమ్మ అడిగింది. ఆ మాటతో అన్న మద్రాసు పోయి, రెండు పక్కలకూ ఆర్ములు, కొత్త బుష్‌లు తెచ్చి, పెరట్లో బండిని పైకెత్తాడు. కింద ఆనిక పెట్టింది మా తాత మగ్గం దుంగలు. నాయన అవి చూసి రెండు రోజులు పెరటి వైపే రాలేదు.

నేను టైపు పరీక్ష రాసి ఖాళీగా ఉన్నాను కనుక నట్లు కిరసనాయిలులో కడగడం నా వంతయింది. మూడు రోజులు నా గోళ్లలో నలుపు పోలేదు. కొత్త బుష్‌లకు సబ్బునీళ్లు రాసి, వైసులో పెట్టి నొక్కుతూ అన్న నాకు పాఠం చెప్పేవాడు. "రబ్బరును యాడ పట్టుకొని బిగిస్తే ఆడనే నిలుస్తాదమ్మే. చక్రం గాల్లో యాలాడతా ఉన్నెప్పుడు బిగించినావనుకో, కింద దించగానే మెలి తిరిగి చీలిపోతాది. బండి బరువు మోస్తా ఉన్నెప్పుడే బిగించాల." అందుకని నాలుగు నట్లనూ చేత్తో తిప్పగలిగినంత మటుకే తిప్పి ఉంచాడు. బిగించాక నట్టు వదలకుండా అడ్డంగా దూర్చే పిన్నులు కూడా అప్పటికి పెట్టలేదు. ఆయుధ పూజ పొద్దున బండిని కిందికి దించాడు. ఇంక మిగిలింది పది నిమిషాల పని.

సరిగ్గా అప్పుడే నాయన పెరటి తలుపు దగ్గరికి వచ్చాడు. మంచి టైము అయిపోతోందట. మా వీధిలో ఆయుధ పూజంటే మగ్గంలో ఆడే నాడె, అచ్చు, కత్తెర, రాట్నం, ఇంట్లో ఏ పనిముట్టు ఉంటే అది, అన్నీ కడిగి, బొట్లు పెట్టి దేవుడి ముందు పెట్టాల్సిందే. అలా పెట్టినదాన్ని మరునాడు విజయదశమి పొద్దున హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టరు. ఆ ఒక్క రోజు వీధంతా ఒక్క మగ్గమూ ఆడదు. మాకు మగ్గాల చప్పుడు ఎంత అలవాటంటే, అది లేక ఆ రోజు చెవులు గింగురుమంటాయి. అన్న స్పానర్లన్నీ తుడిచి ఇచ్చి, ఒక పెద్ద రింగు స్పానర్ మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇది ఒక్కటీ బయట ఉండనీ నాయనా. నాలుగు నట్లు బిగిస్తే అయిపోతాది."

"అన్నీ లోపలికి పోతాంటే అదొక్కటేం చేసింది పాపం? మగ్గానికి రేపయితే నీ బండికీ రేపే."

అన్న ఒక క్షణం స్పానర్ వైపూ, నాయన వైపూ చూసి ఇచ్చేశాడు. బండిని ఎలాగూ ఆ రోజు కదిలించం కదా అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. నాయన ఆ స్పానర్‌ను నాడె పక్కనే, అరటాకు మీద పెట్టి, దానికి మిగతావాటికంటే కొంచెం పెద్ద బొట్టే పెట్టాడు.

మధ్యాహ్నం భోజనాలై వడపప్పు గిన్నెలు కడుగుతుండగా అక్క గోడ పట్టుకొని నిలబడిపోయింది. కాళ్ల కింద నేల తడిసింది. అమ్మ పరిగెత్తి మా వీధిలోనే ఉండే నర్సమ్మను తీసుకొచ్చింది. ఆమె చూసి చేతులు కడుక్కుంటూ, బిడ్డ కాళ్లు ముందుకున్నాయి, ఆపరేషన్ చేసే డాక్టరు తిరువళ్లూరు ఆసుపత్రిలోనే ఉంటారు, "సీక్కిరం పోంగ", తొందరగా పొండి, అంది. అన్న సైకిల్ మీద స్టాండుకు పోయి వచ్చాడు. టాక్సీలన్నీ అరటి పిలకలు కట్టించుకొని, గుమ్మడికాయ కొట్టించుకొని నిలబడి ఉన్నాయట, నడిపేవాడు ఒక్కడూ లేడు. రైలుకు ఇంకా గంటన్నర ఉంది. మిగిలింది మా నల్ల కారు.

అన్న పూజగది గుమ్మం దాకా వచ్చి ఆగాడు. దీపం వెలుగుతోంది. ఆకు మీద స్పానర్లు వరుసగా ఉన్నాయి. గుమ్మం పక్కనే నాయన గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఇద్దరిలో ఒక్కరు నోరు తెరిచి ఉంటే సరిపోయేది. అన్న అడగలేదు, నాయన చెప్పలేదు. "మెల్లగా పోతాలే. చేత్తో బాగానే తిప్పినా" అని అన్న నాతో అన్నాడు. ఆ మాట నమ్మనివాడు ఆ ఇంట్లో నాయన ఒక్కడే.

అక్క తల నా ఒళ్లో, కాళ్లు అమ్మ ఒళ్లో పెట్టుకొని వెనక సర్దుకున్నాం. అన్న ఇంజను స్టార్టు చేసేసరికి ముందు తలుపు తెరుచుకొంది. నాయన. కండువా ఉండలా చుట్టి పొట్టకు హత్తుకొని, ఎక్కి కూర్చున్నాడు. ఆ కారు కొన్న ఇన్నాళ్లకు మొదటిసారి ఎక్కడం. తలుపు మూయడం రాక రెండుసార్లు లాగితే, అన్న వంగి మూశాడు.

ఆ దారి నాకిప్పటికీ గజం గజం గుర్తుంది. అన్న గుంత కనపడినప్పుడల్లా బండిని దాదాపు ఆపి, చక్రాన్ని దింపి, ఎక్కించేవాడు. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. ప్రతి గుంతకూ కాళ్ల కింద టక్ మని ఒక చప్పుడు. మొదట చిన్నగా వచ్చింది. తర్వాత రెండు సార్లు, వెంట వెంటనే. నేను దానికోసమే చెవులు పెట్టుకొని కూర్చున్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా అక్క నా మణికట్టు పట్టుకునేది, గాజులు రెండు పగిలి గుచ్చుకున్నాయి. కొంచెం తొందరగా పొమ్మని అమ్మ అంటుంది, మెల్లగా పొమ్మని నా మనసు అంటుంది. నాకు చచ్చేంత భయం వేసింది. దాచుకునేదేముంది.

కనకమ్మసత్రం దాటాక పక్క పొలంలోంచి ఒక ఎద్దులబండి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. అన్న బ్రేకు తొక్కాడు. కింద దడేల్ మంది, బండి ఎడమకు లాగేసి, రోడ్డు దిగి, కల్వర్టు గోడకు జానెడు దూరంలో నిలిచింది. అక్క కేక పెట్టింది. అన్న దిగి, పూజకు కట్టిన కొత్త పంచెతోనే మట్టిలో పడుకొని కిందికి దూరాడు. లేచి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక నట్టు కొసకు వచ్చేసిండాది. ఇంకొక్క గుంత పడితే ఊడిపోతాది" అన్నాడు. మళ్లీ దూరి వేళ్లతో తిప్పాడు. వేళ్లు చీరుకున్నాయి గానీ బిగువు రాలేదు. పిన్నుల పొట్లం డ్యాష్‌బోర్డులో ఉంది. బిగించడానికి మాత్రం బండిలో ఒక్క ఇనపముక్క లేదు, పటకారుతో సహా అన్నీ తిరుత్తణిలో బొట్టు పెట్టుకొని కూర్చున్నాయి. రోడ్డు అటూ ఇటూ ఖాళీ. అన్న బానెట్ మీద చెయ్యి వేసి, తల వంచుకొని నిలబడ్డాడు.

నాయన దిగాడు. పొట్టకు హత్తుకున్న కండువా విప్పాడు. అందులో ఆ పెద్ద రింగు స్పానర్ ఉంది, బొట్టు చెరగకుండా. అన్న చెయ్యి చాచి, మళ్లీ ఆపేశాడు. అమ్మ కిటికీలోంచి చూస్తోంది. ఆ ఎద్దులబండి ఆయన కూడా చూస్తున్నాడు.

"తుడిచి పట్టుకోరా. కుంకం జారతాది" అన్నాడు నాయన.

అన్న పంచె చెంగుతో తుడిచాడు. నేను అక్కను కిందికి దించబోతే అరిచాడు. "దించద్దు! బరువు ఉండాల. నాయనా, నువ్వు కూడా ఎక్కి కూర్చో." నాయన మారుమాట లేకుండా ఎక్కి, బరువంతా ఆనించి, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కూర్చున్నాడు. కింద ఒక్కో నట్టూ బిగుసుకుంటుంటే ఆ కిర్రుకిర్రు సీటు గుండా మా ఒంట్లోకి వచ్చింది. అక్క మూడుసార్లు నొప్పి పడింది. నాలుగో పిన్ను వంచి అన్న బయటికి వచ్చాడు. ఆ తర్వాత తిరువళ్లూరు దాకా ఆ బండి నడిచిన తీరు ఏం చెప్పను, నేను ఆ కారులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. అన్న యాక్సిలరేటరు మీది కాలు తీయలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆపరేషన్ గదిలోంచి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమమని చెప్పడానికి వచ్చిన నర్సు, బెంచీ మీద కూర్చొని ఉన్న నాయన చేతిలో స్పానర్ చూసి "ఇదెన్న తాతా?" అని అడిగింది. నాయన దాన్ని ఒకసారి తిప్పి చూసి, "ఆయుధం" అన్నాడు. ఆమె నవ్వుకుంటూ పోయింది. నాయన నవ్వలేదు. కళ్లనుంచి నీళ్లు కారుతుంటే, కండువాకు గ్రీజు అంటి ఉందని దాంతో తుడుచుకోకుండా అలాగే కూర్చున్నాడు.

ఇంటి దగ్గరే ఎందుకు ఇవ్వలేదని నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. పొద్దున తన నోటితో వద్దన్నదాన్ని, దీపం ముందు, తన చేత్తో ఇవ్వలేకపోయాడనుకుంటాను. ఆ విషయంలో నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. ఎవరూ చూడకుండా దాన్ని ఆకు మీద నుంచి తీసి, కండువాలో చుట్టుకుంటున్న ఆయన చేతులు తలుచుకుంటే మాత్రం ఆ కోపం నిలవదు.

మరుసటి ఏడు ఆయుధ పూజకు అన్న స్పానర్లన్నీ కడిగి, తానే తెచ్చి వరుసగా అందించాడు. నాయన ఒక్కొక్కటే ఆకు మీద పెడుతూ, ఆ రింగు స్పానర్ దగ్గరికి రాగానే ఆగాడు. "ఇది ఒక్కటీ బయట ఉండనీ" అన్నాడు. దాన్ని తీసుకుపోయి వీధి గుమ్మం పక్క గూట్లో, చేతికందేటట్టు పెట్టాడు. ఉన్నన్నాళ్లూ అంతే చేశాడు.

ఆ కారు ఎప్పుడో తుక్కుకు పోయింది. అన్న ఆ తర్వాత సొంతంగా పెట్టుకున్న షెడ్డు మూసినప్పుడు నేను అడిగి తెచ్చుకున్నది ఆ స్పానర్ ఒక్కటే. మా ఇంట్లో ఆయుధ పూజకు ల్యాప్‌టాప్‌తో సహా అన్నిటికీ బొట్టు పెడతాను, దాన్ని మాత్రం గుమ్మం దగ్గరే ఉంచుతాను. నాయన లెక్కలో అంతవరకూ మంచి టైము, చెడ్డ టైము అని రెండే ఉండేవి. ఆ కల్వర్టు గోడ దగ్గర మూడోది ఒకటి వచ్చి చేరింది, మన కోసం ఆగని టైము.