బోణీ నొక్కులు

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలంలో, మదనపల్లె బస్టాండు దగ్గర మేడమీద గదిలో నెట్ సెంటర్ పెట్టాను. ఉన్న కంప్యూటర్లలో ఒకటి ఎప్పుడూ అలిగే ఉండేది. కరెంటుంటే నెట్ ఉండదు, రెండూ ఉంటే మనుషులుండరు. మా నాయనకు టమోటా మండీ. తక్కెట్లో తూగనిది ఆయన దృష్టిలో వ్యాపారమే కాదు. ఉగాదిలోపల నీ అంగడి పేరుమీద ఒక్క చెక్కయినా రాకపోతే, తాళం వేసి వచ్చి మండీలో కూర్చోవాలని షరతు పెట్టాడు. మండీ అంటే తెల్లవారకముందే లేచి గొంతు పోయేదాకా వేలంపాట అరవడం. నాకు చచ్చేంత భయం.

అప్పుడు దొరికింది ఆ అమెరికా కంపెనీ. ప్రపంచంలో ఎవరికేం కావాలన్నా దాంట్లోనే వెతికేవాళ్లు. వెతికినందుకు పైసా అడగదు. మెయిలు ఉత్తరాలు ఊరికే, దారి చూపే పటాలు ఊరికే. మరి అంత పెద్ద కంపెనీ ఏం తిని బతుకుతోందని నాయన అడిగాడు. ఏ మాట వెతికితే ఎవరి ప్రకటన కనబడాలో అది వేలం వేస్తుందని చెప్పాను. జనం ఆ ప్రకటన మీద నొక్కితే, నొక్కినప్పుడల్లా ప్రకటన ఇచ్చినవాడు కంపెనీకి కట్టాలి. మన వెబ్‌సైటులో దానికి చోటిస్తే మనకూ వాటా వస్తుంది. దాని సంపాదన దాదాపుగా అంతా ఈ చిల్లర ప్రకటనల మీదేనన్నాను.

"అంటే మండీనే గదరా. సరుకొకడిది, దుడ్డొకడిది, నడుమ కమీషను వానిది. ఇంతకీ ఆడ సరుకేంది?" అన్నాడు.

"మనమే నాయనా. మన కండ్లు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఈ సరుకుకు పాట పాడే మొనగాడెవడో అంటూ వెళ్లిపోయాడు.

పుంగనూరులో మా మేనత్తకు ఒక పొట్టి ఆవు ఉండేది. ఎత్తు మన నడుము దాకా కూడా రాదు, పొగరు మాత్రం ఆకాశమంత. దాని ఫొటోలు తీసి, పుంగనూరు ఆవుల గురించి తెలిసిందీ తెలియనిదీ ఇంగ్లీషులో రాసి వెబ్‌సైటు పెట్టాను. కంపెనీ ఆవు అన్న మాట చూసి, తన తెలివినంతా ఉపయోగించి, పక్కన తోలు చెప్పుల ప్రకటనలు వేసింది. పసుపు కుంకుమ పెట్టే ఆవు పక్కన చెప్పులా అని అత్త నామీద దుమ్మెత్తిపోసింది. నొక్కితే నాకు డబ్బొస్తుందని చెప్పాక, తానే వేలు పెట్టి నొక్కింది.

కొంప అక్కడే మునిగింది. మా వైపు ఎవరైనా అంగడి తెరిస్తే అయినవాళ్లు వచ్చి, అవసరమున్నా లేకున్నా ఏదో ఒకటి కొని బోణీ చెయ్యాలి. చెయ్యకపోతే మూడు తరాలు మాటలుండవు. కింద టైలరు సాయిబుది మంచి హస్తవాసి అని బజారంతా పేరు. ఆయన పొద్దున్నే పైకొచ్చి, బిస్మిల్లా అనుకుని, చెప్పుల మీద ఒక నొక్కు నొక్కి, టీ తాగి దిగిపోయేవాడు. తర్వాత పెళ్లికని, ఆసుపత్రికని మదనపల్లె వచ్చిన చుట్టాలంతా వరస కట్టేవాళ్లు. ఒక్కరూ ఒక్క జత కొనలేదు. పాపం ఆ చెప్పుల వ్యాపారి ఏ దేశంలో ఉన్నాడో గానీ, మా చుట్టరికానికంతా తనే డబ్బు కట్టాడు. నాయన మాత్రం మేడ మెట్లు ఎక్కనేలేదు.

వాటా పెరిగి పెరిగి, ఇక చెక్కు పంపుతారనగా కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. నా సైటులో పడిన నొక్కులు నిజమైన గిరాకీ కాదట. ఖాతా మూసేసి, సొమ్ము ప్రకటనలిచ్చినవాళ్లకే తిరిగిచ్చేస్తారట. బోణీ విలువ తెలియని వెధవలని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఏడ్చాను. ఉగాది నెత్తిమీదికొచ్చింది, షరతు షరతే కాబట్టి, ముఖం కడుక్కుని మండీకి వెళ్లాను.

పాట అయిపోయి జనం పల్చబడ్డారు. నాయన ఖాళీ క్రేటు తిరగేసుకుని కూర్చుని ఉన్నాడు. మనవాళ్లు నొక్కిన నొక్కులకు కంపెనీ ఖాతా మూసేసిందని చెప్పాను. మనవాళ్లంటే ఎవరని అడిగాడు. అత్త, సాయిబు, చుట్టాలు అన్నాను.

"నేను గూడా," అన్నాడు.

లోడు డబ్బు వసూలుకు కుప్పం పోయినప్పుడల్లా, రైల్వే స్టేషను దగ్గర నెట్ సెంటర్లో దూరి, నా ఆవు పేజీ తెరిపించుకుని నొక్కి వచ్చేవాడట. మదనపల్లెలో అయితే నా కంటబడతానని నామోషీ.

"మండీలో మన మనిషే దొంగపాట పాడి ధర పెంచితే కొనేటోడు ఊరుకుంటాడా? ఇదీ అంతే గదా. మీ అత్తకు తెలీదు, సాయిబుకు తెలీదు. నాకు తెలుసు. తెలిసే నొక్కినాను."

"యాల నాయనా?"

ఆయన నా వైపు చూడకుండా, మండీలో మిగిలిన క్రేట్ల వైపు చూస్తూ చెప్పాడు.

"షరతైతే పెట్టినాను గానీ, నువ్వొచ్చి ఈడ కూసుంటే సూడలేనురా."