పదకొండున్నర కిలోల తోడు

2006 అక్టోబరు 29, ఆదివారం. ఘాజియాబాద్‌లో మా తెలుగు చర్చిలో ఆరాధన ముగిశాక, ప్రకటనలు చదివే పెద్దమనిషి నా ప్రయాణం సంగతి చదివాడు. "మన సిస్టరమ్మగారు నవంబరు పద్దెనిమిదిన విజయవాడ వెళ్తున్నారు. ఆ రోజు అటు వెళ్ళేవారెవరైనా ఉంటే అమ్మగారికి తోడుండవలసిందిగా మనవి."

ఆ చీటీ నేను ఇవ్వలేదు. నా పక్కనే కూర్చుని, తలెత్తకుండా పాటల పుస్తకం సంచిలో సర్దుకుంటున్న నా కూతురు ఇచ్చింది.

అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు. ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా పనిచేశాను. తెనాలిలో మా చెల్లెలికి నవంబరు ఇరవయ్యో తేదీన కంటి ఆపరేషను. ఆమెకు నేను, నాకు ఆమె తప్ప పుట్టింటివైపు ఎవరూ మిగల్లేదు. ఈసారి ఒంటరిగా వెళ్ళి ఆ రోజుకు ఆమె దగ్గర ఉండాలని నిశ్చయించుకున్నాను.

రిటైరయ్యాక ఐదుసార్లు ఊరు వెళ్ళాను. ఐదుసార్లూ చర్చిలో దొరికిన తోడుతోనే. ఒకామె తన ఇద్దరు పిల్లల్నీ నా బెర్తు మీద వదిలి నాగపూర్ దాకా నిద్రపోయింది. ఒకాయన షుగరు మాత్రలు ఇంట్లో మరిచి వచ్చి, బల్లార్షాలో నన్ను మందుల దుకాణం వెతికించాడు. ఇద్దరూ తిరిగొచ్చి మా అమ్మాయితో అన్న మాట ఒక్కటే: "అమ్మగారిని జాగ్రత్తగా దింపామండీ."

ఆ ఆదివారం ఎవరూ ముందుకు రాలేదు. ఇంటికి రాగానే మా అమ్మాయి తేల్చి చెప్పింది.

"పన్నెండో తేదీ ఆదివారం దాకా చూస్తానమ్మా. తోడు దొరక్కపోతే టికెట్ క్యాన్సిల్."

"టికెట్ నాది."

"మోకాళ్ళు కూడా నీవే. ఇరవై తొమ్మిది గంటల ప్రయాణం. మధ్యలో నీకేమైనా అయితే?"

మా మనవరాలు టీవీ మీంచి చూపు తిప్పకుండా తీర్పు చెప్పింది: "నానీ, బహుత్ జిద్దీ హో ఆప్." అమ్మమ్మ మహా మొండిదట.

తోడు దొరకలేదు గానీ ప్రకటన విన్నవాళ్ళు పార్సిళ్ళు తెచ్చారు. మా దగ్గర ఇది మామూలే. ఎవరు ఊరెళ్తున్నా వాళ్ళ సంచిలో సగం ఊరందరిదీ. ఒకరి మనవడికి స్వెట్టర్లు, ఒకరి చెల్లెలి కూతురికి నర్సింగు పుస్తకాలు, ఒకరి అత్తగారికి దూది రజాయి, ఇంకొకరివి రెండు డబ్బాల పేఠా మిఠాయి. వారం తిరక్కముందే బ్యాగు నిండింది. పాత పేపర్లు కొనే కబాడీ భయ్యాను పిలిచి అతని తరాజుకు తగిలించి తూయించాను. పదకొండున్నర కిలోలు. అందులో నా బట్టలు, మందులు, బైబిలు కలిపి నాలుగు కిలోలు కూడా లేవు.

ఒంటరి ప్రయాణం నాకు సరిపడుతుందా లేదా అన్నది ఇంట్లో వాదించుకుంటే తేలదు. నవంబరు ఏడో తేదీ, మంగళవారం, ఎవరికీ చెప్పకుండా అదే బ్యాగుతో ఆగ్రా బయల్దేరాను. ఆగ్రాలో నాకెవరూ లేరు. ప్లాట్‌ఫారం బెంచీ మీద రెండు గంటలు కూర్చుని తిరుగు బండి ఎక్కడమే పని. అసలు ప్రయాణంలో మోయవలసిన బరువుతోనే పరీక్ష జరగాలని బ్యాగులోంచి ఒక్క స్వెట్టరు కూడా తీయలేదు.

దొంగలు రాలేదు. మోకాలు నొప్పి పుట్టింది, ఓర్చుకున్నాను. బండ్లు రెండూ ఆలస్యమైనా తప్పిపోలేదు. అయితే పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఐదు దాకా, పదకొండు గంటలు, నేను గుక్కెడు నీళ్ళు తాగలేదు. తాగితే బాత్‌రూముకు వెళ్ళాలి. వెళ్తే బ్యాగు ఎవరు చూస్తారు? ఆ బరువును తడి నేల మీద ఎక్కడ పెట్టను? జీవితమంతా రోగుల వెంటపడి నీళ్ళు తాగించినదాన్ని, నాలుక పిడచకట్టుకుపోతున్నా సీసా మూత తీయలేదు. ఘాజియాబాద్ స్టేషను మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. ఇరవై నిమిషాలు లేవలేకపోయాను.

రెండు రోజులు మూత్రంలో మంట, జ్వరం. మందు నాకు తెలుసు కానీ దాచడం కుదరలేదు. అంతా చెప్పాను.

"చూశావా? నేను చెప్తూనే ఉన్నానా?" అంది మా అమ్మాయి, జ్వరం చూసిన చెయ్యి నా నుదుటి మీంచి తీయకుండానే.

"నా వయసు కాదే, ఆ బ్యాగు."

"బ్యాగుకేం? చక్రాలున్నాయిగా."

"ఆ చక్రాల బ్యాగుతో రైలు లెట్రిన్‌లోకి నువ్వొకసారి వెళ్ళిరా. తర్వాత మాట్లాడదాం."

తను నా దుప్పటి సర్దింది. కానీ ఒప్పుకోలేదు. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది అదే. నాకు తోడు కావాలని అందరూ అన్నారు. నేను మోస్తున్నది ఎవరిదని ఒక్కరూ అడగలేదు. తీసుకున్నది నేనే కదా అంటే, అదీ నిజమే. కాదనడం నాకు చేతకాలేదు.

పన్నెండో తేదీ ఆదివారం చర్చి గేటు దగ్గర నిలబడి ఎవరి పార్సిలు వాళ్ళకు తిరిగి ఇచ్చాను. పేఠా ఇచ్చినాయన నవ్వి తీసుకున్నాడు. రజాయి ఇచ్చిన కాకినాడ ఆవిడ మాత్రం ముఖం ముడుచుకుంది.

"ఏంటండీ ఆంటీ, మేం మీకు అంత బరువైపోయామా?"

"మీరు కాదమ్మా. రజాయి మూడు కిలోలు."

"మీరెళ్తున్నారని మా అత్తగారికి ఫోన్ కూడా చేసేశానండీ. ఇప్పుడేం చెప్పమంటారు?"

"నేను వెళ్తున్నాననే చెప్పు. రజాయి రావడం లేదని చెప్పు."

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆమె నాకు వందనాలు చెప్పలేదు. ఇంటికొచ్చి, మిగిలిన నాలుగు కిలోలనీ భుజానికి తగిలించుకునే సంచిలో సర్ది, దాంతోనే మా బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని, బయటికొచ్చి మా అమ్మాయికి చూపించాను. తను నవ్వలేదు. టికెట్ మాత్రం రద్దు చేయలేదు.

పద్దెనిమిదో తేదీన స్టేషనుకు వచ్చింది. నేను సీటులో కూర్చుంటుండగానే ఎదుటి బెర్తు ఆవిడ చెవిలో గుసగుసలాడడం వినపడింది: "ఆంటీజీ, మమ్మీ అకేలీ హైఁ, జరా దేఖ్ లీజియేగా." అమ్మ ఒంటరిగా వెళ్తోంది, కాస్త చూసుకోమని. బండి కదలబోతోంది. పోట్లాడడానికి వ్యవధి లేక కోపం మింగేశాను.

ఆ ఎదుటి ఆవిడ ఝాన్సీలో దిగిపోయింది. అక్కడినుంచి విజయవాడ దాకా ఇరవై మూడు గంటలు నేను ఎవరి పూచీలోనూ లేను. మూడు సీసాల నీళ్ళు తాగాను. ఆరుసార్లు సంచి భుజాన వేసుకుని బాత్‌రూముకు వెళ్ళొచ్చాను.