సునీత పొడి, వాళ్లింటి బావి

నిన్న పొద్దున నల్లపాడు స్టేషన్‌లో దిగుతుంటే ల్యాబ్ ఫ్రెండ్ నుంచి ఫోన్.
"సునీత పోయిందిరా."

నోర్ముయ్ అన్నాను. నిజంగానే తిట్టాను వాణ్ణి.

మొన్నే కదా హాస్పిటల్ నుంచి మాట్లాడింది! "డెంగ్యూ అంట్రా, సోమవారానికి వచ్చేస్తా. ఫర్నేస్ ఎవరికీ ఇవ్వకు" అంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సునీత నా ల్యాబ్‌మేట్. చీరాలలో నూలుకి రంగులద్దే ఇంటి పిల్ల. ఆ వీధిలో రంగు నీళ్లు ఇంకి ఇంకి వాళ్లింటి బావి ఎర్రబడిపోయింది. అందులో మళ్లీ మంచినీళ్లు చూడాలి. దాని పీహెచ్‌డీ మొత్తం అదే.

ఒక పొడి చేసింది. రంగు నీళ్లలో కలిపి ఎండలో పెడితే రంగు పోతుంది. పొడిలో ఇనుము ఉంటుంది కాబట్టి తర్వాత అయస్కాంతంతో లాగేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఒక ఆదివారం మమ్మల్నందర్నీ ఇంటికి తీసుకెళ్లింది. పెరట్లో టబ్బు, అందులో బాగా పల్చగా కలిపిన ఎర్ర నీళ్లు. మధ్యాహ్నానికి తేటబడ్డాయి. పాత స్పీకర్‌లోంచి పీకిన అయస్కాంతం టబ్బుకి ఆనిస్తే పొడంతా అటు పరిగెత్తింది. మేం ఒకటే చప్పట్లు.

వాళ్లమ్మగారు మాత్రం నమ్మలేదు. "ఉండండయ్యా, నూలుకి చూపిద్దాం" అని తెల్ల నూలు చిలప, అదే నూలు చుట్ట, ఒకటి ఆ నీళ్లలో ముంచి తీశారు. ఆ ఇళ్లల్లో నీళ్లని చూసే పద్ధతి అదే. రంగు ఏమాత్రం మిగిలున్నా నూలుకి పట్టేస్తుంది.

చిలప తెల్లగానే వచ్చింది. ఆవిడ కూతుర్ని పట్టుకుని ఏడ్చేశారు.

తర్వాత నూలుకి రంగు అద్దే తొట్టిలోని అసలు నీళ్లతో చేసింది. చిక్కటి రంగు, ఎండ లోపలికి దిగదు. పైగా రంగు పట్టడానికి వేసే ఉప్పు, సోడా పొడిని పనిచెయ్యనివ్వవు.

చిలప గులాబీ రంగులో వచ్చింది. ఆవిడ దాన్ని పిండి దండెం మీద ఆరేశారు.

అప్పట్నుంచి సునీత సరిగ్గా తిన్నది లేదు, పడుకున్నది లేదు. పొడి మార్చేది, ఫర్నేస్‌లో కాల్చేది, మళ్లీ చిలప ముంచేది. మళ్లీ గులాబీ.
"ఇంకొక్క బ్యాచ్‌రా" అనేది.

"ఎవరో ఒకరు కంటిన్యూ చేస్తార్లే" అన్నారు మా గైడ్ సార్ నిన్న.
ఎవరూ చెయ్యరు సార్. నాకు చేతకాదు. మిగతావాళ్లకి ఉద్యోగాల గొడవ. ఆ వీధిలో ఇక ఏదీ మారదు.

నిన్న సాయంత్రం వాళ్లింట్లో సునీతకి ఆఖరి స్నానం చేయించాలి. ఊరి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన తెలియక బావిలో తోడాడు.

ఎర్ర నీళ్లు.

పోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి వాళ్లమ్మగారే ఆ బకెట్ పారబోసి, బిందె పట్టుకుని వీధి చివర కుళాయికి నడిచారు. మేం వెనకాలే వెళ్లాం.

ఇక పడుకో సునీతా.
ఇప్పుడైనా నీ మనసుకి నెమ్మది దొరకాలి.