పడుగు కింద నుంచి వెళ్లిన కారు

కర్నూలులో మా వీధి మొదట్లో కల్యాణ మండపం, చివర్లో లాడ్జి ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో మా గేటు ముందు ఎవరిదో కారు ఉంటుంది, నా స్కూటరు పక్క వీధిలో ఉంటుంది. దీని మీద వార్తలు రాశాను. కార్లు కదల్లేదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మిత్రుడు వీరేశప్ప ఫోనులో ఈ గోడు విని నవ్వాడు. "నీకు స్కూటరు పెట్టుకునేంత జాగా చాలప్పా. మాకు ఈది ఈదంతా కావల్ల. ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. మంత్రాలయంలో గదులు దొరకని యాత్రికులు ఎమ్మిగనూరులో దిగుతారు. గురువారం దర్శనం కోసం బుధవారం రాత్రికే లాడ్జీలు నిండుతాయి. అందుకని బుధవారమే బయలుదేరాను.

మధ్యాహ్నం మూడు దాటాక కర్నూలు బస్టాండులో ఎక్కితే కోడుమూరు, గోనెగండ్ల మీదుగా రెండు గంటల ప్రయాణం. టికెట్టు వందకు కాస్త అటూ ఇటూ. బస్టాండు నుంచి లాడ్జికి ఆటో ముప్పై రూపాయలు. "మఠానికా సామీ?" అని ఆటో ఆయన అడిగాడు. పార్కింగు చూడటానికి వచ్చానన్నాను. వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "దుడ్లు పెట్టుకొని వచ్చి చూసేదా అది? మా ఇంటి ముందరికి రా, ఊరికే చూపిస్తా."

వీరేశప్ప వీధి లాడ్జి పక్కదే. మగ్గం మీదికి ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెడతారు. ఎండ ముదరక ముందే అది అయిపోవాలి. మరునాడు పడుగు ఉందంటే వీధివాళ్లు తమ బండ్లు సాయంత్రమే పక్క వీధిలో పెట్టేస్తారు, లాడ్జి వాచ్‌మన్ బస చేసేవాళ్లకు చెబుతాడు. మూడు రోజులు మబ్బు పట్టి ఆ రోజే తెరిపిచ్చింది. వీరేశప్ప భార్య ఈరమ్మ రాత్రే గంజి కాచి పెట్టింది.

తెల్లారి నేను వెళ్లేసరికి వీధి మధ్యలో, నడుము ఎత్తున, గుంజల మీద తెల్లటి పడుగు పరుచుకుని ఉంది. గంజి పట్టించడం సగం అయింది. అప్పుడే లాడ్జి వెనక సందులోంచి ఒక కారు ముక్కు బయటికి పెట్టింది. ఆ సందుకు వేరే దారి లేదు, దాని మూతికి అడ్డంగా పడుగు ఉంది. బళ్లారి నుంచి వచ్చిన డ్రైవరు బసవరాజు దిగి చేతులు జోడించాడు.

"అక్కా, రవ్వంత పక్కకు జరిపితే పోతాం. అవ్వకు పొద్దున్నే దర్శనం."

"జరిపేకి ఇదేమన్నా మంచమా నాయనా? రాత్రి బండి పెట్టేటప్పుడే అడగల్ల" అంది ఈరమ్మ.

"ఎవర్ని అడిగేది? వాచ్‌మన్ గుర్రు పెడతాండె."

వీధంతా నవ్వింది. వీరేశప్ప నవ్వలేదు. "ఇప్పుడు ఆపితే పోగులు అతుక్కపోతాయి. నెల నాళ్ల నేత పోతాదప్పా" అని నాతో మెల్లగా అన్నాడు. ఎండెక్కే దాకా కారు ఆగితే, గురువారం రద్దీలో అవ్వ దర్శనం మధ్యాహ్నానికి పడుతుంది.

కారులోంచి అవ్వ దిగింది. పడుగు వైపు ఒకసారి, కారు పైకప్పు వైపు ఒకసారి చూసింది. "పైకెత్తితే కింద నుంచి పోదా?" అంది.

ఈరమ్మ పోయి కారు పక్కన నిలబడి ఎత్తు చూసుకుంది. తరవాత పనులు చకచకా జరిగాయి. కారు మీది సంచులు దించారు. పైకప్పు దుమ్ము పోయేలా కడిగారు. సందు మూతి దగ్గర గుంజలు తీసి, వీధి చివర కట్టు కాస్త వదులు చేశారు. వెదురు బొంగులకు తడిగుడ్డ చుట్టి పడుగు కింద దూర్చారు. ఒక కొస నాకిచ్చారు. బసవరాజు తాళం తిప్పబోతే ఆడవాళ్లందరూ ఒక్కసారే అరిచారు.

"స్టార్ట్ చేయొద్దు! పొగ తగిలితే పడుగంతా నల్లగైతాది!"

కారును వెనక నుంచి నెట్టారు. యాత్రికులూ నేతగాళ్లూ కలిసి నెట్టారు. మేం బొంగులు తలల పైకెత్తి నిలబడ్డాం. గంజి చుక్కలు నా చొక్కా మీద పడ్డాయి. కారు మెల్లగా, పెండ్లికొడుకు తల వంచుకున్నట్టు, అవతలికి వెళ్లింది. వీరేశప్ప పడుగు వెంట నడుస్తూ వేళ్లతో తడిమి చూశాడు. "రెండే పోగులు తెగినాయి!" అని అరిచి, అక్కడికక్కడే ముడేశాడు. వీధిలో ఈలలు మోగాయి.

అవ్వ మాత్రం కారెక్కలేదు. ఒక కుంచె అందుకుని, ఈరమ్మ చూపించినట్టు ఒక వరస దువ్వింది. "అవ్వా, దర్శనం!" అని బసవరాజు హారను కొట్టాడు. "దేవుడు యాడికీ పోడు. ఇదే ఎండిపోతాది" అంది అవ్వ. రెండో వరస కూడా దువ్వి, చేతులు కడుక్కుని బయలుదేరింది. మంత్రాలయం అక్కడికి ముప్పావుగంట దూరం.

ఎనిమిదిన్నరకల్లా పడుగు ఆరింది. చుట్ట చుడుతూ వీరేశప్ప పాడుతున్నాడు, గొంతు ఏమంత బాగాలేదు. వీధి ఎవరిదన్న వాదన నేను చాలా సమావేశాల్లో విన్నాను. ఇక్కడ ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. పడుగు ఎండాలి, అవ్వ వెళ్లాలి. ఆ రెంటి మధ్యా కావాల్సింది కారు ఎత్తంత ఖాళీ. అది పైన దొరికింది.

బుధవారం రాత్రి ఎమ్మిగనూరులో బస చేసేవాళ్లకు ఒక్క సూచన: కారు తాళం వేసే ముందు దగ్గర్లోని ఏ ఇంటి తలుపైనా తట్టి "రేప్పొద్దున పడుగు ఉండాదా?" అని అడగండి. ఉందంటే బండి మెయిన్ రోడ్డు మీద పెట్టి, తెల్లారగానే పడుగు దగ్గరికి నడిచి రండి. కుంచె పట్టేవాళ్లు ఎంతమంది వచ్చినా అక్కడ పని ఉంటుంది.