గోడ మీది ఎర్ర బొటనవేలు

నా చిన్నప్పుడు గద్వాలలో మా వీధి పిల్లలకు కాస్త తీరిక దొరికితే ఒకటే పని. ఎవరి వేళ్ళ మీద చక్రాలున్నాయి, ఎవరికి శంఖాలున్నాయి అని చేతులు లాక్కుని మరీ చూసుకునేవాళ్ళం. వేలి కొసన గీతలు గుండ్రంగా తిరిగితే చక్రం, ఒక పక్కకు ఒంపు తిరిగి జారిపోతే శంఖం. చక్రాలు ఎక్కువున్నవాళ్ళది అందరి మీదా పెత్తనం. నాకూ మా తమ్ముడికీ అన్ని వేళ్ళకూ చక్రాలే. ఇక మా పొగరు చెప్పాలా!

ఆ పొగరంతా అమ్మ పోయాక దిగిపోయింది. మాది మగ్గం ఇల్లు. గద్వాల చీరకు నడిమి భాగం నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు కలిపే పని అమ్మది. ఆమెకు చక్కెర జబ్బు వచ్చింది. కాలికి చిన్న పుండు లేచి, ఎంతకూ మానక, చివరికి ఆ పుండుతోనే పోయింది. చూసుకుందామంటే ఒక్క ఫోటో కూడా లేదు.

కర్మలు ముగిసిన కొన్నాళ్ళకు అయిజ నుంచి మా మేనత్త వచ్చింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మమ్మల్ని ఒళ్ళోకి లాక్కుని, వేళ్ళు విప్పి చూసి, "ఇద్దరికీ తల్లి వేళ్ళే దిగినయి. ఇగ తల్లి జబ్బు మాత్రం యాడికి పోతది?" అంది. చావు కబురు చల్లగా చెప్పి, వక్క నోట్లో వేసుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి తమ్ముడు అన్నం సరిగా తినలేదు. బెల్లం ముక్క చూస్తే ఏడుపు. కాలికి రాయి తగిలినా, దోమ కుట్టినా పరుగెత్తుకొచ్చి, ఇది పుండు అవుతుందా అని నన్ను అడిగేవాడు. నాకేం తెలుసు? పైకి వాణ్ణి కసిరేదాన్ని గానీ, స్నానం చేసేటప్పుడు నా కాళ్ళు నేనూ చూసుకునేదాన్ని.

మా తాతయ్య కొన్నాళ్ళు ఊరుకుని చూశాడు. ఒకరోజు పొద్దున నూలుకు రంగు అద్దే పని ఆపి, మమ్మల్ని మగ్గం దగ్గరికి పిలిచాడు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట, దాని పక్కనే గోడ. ఆ గోడ మీద ఎర్రరంగుతో పడిన ఒక వేలిముద్ర చూపించాడు.

"ఇగో, ఇది మీ అమ్మ బొటనవేలు. రంగు చేత్తోనే గోడ పట్టుకొని గుంటలకెళ్లి లేచేది. సక్కగ చూడుండ్రి" అన్నాడు.

చూశాం. అది శంఖం. మా ఇద్దరి బొటనవేళ్ళ మీదా చక్రాలు. అయితే అత్తే తప్పు చూసిందన్నమాట! గీతలు వేరైనప్పుడు జబ్బు ఎట్లా వస్తుంది, పోయి తినండి అని తాతయ్య మమ్మల్ని వంటింట్లోకి తోలాడు. తమ్ముడు ఆ పూట జొన్నరొట్టెలో బెల్లం నంజుకుని తిన్నాడు. రోజూ ఆ గుంటలో దిగి ఆడేవాళ్ళం, అంతకుముందు ఈ ముద్ర మాకెందుకు కనబడలేదు అన్న అనుమానం ఆ వయసులో రాలేదు. ఆ తర్వాత ఇంటికి సున్నం వేసినప్పుడల్లా తమ్ముడు దగ్గర నిలబడి ఆ కాస్త చోటూ వదిలేయించేవాడు. మాకున్న అమ్మ అదే.

నేను పెళ్ళయి వనపర్తికి వచ్చాను. కాన్పు సమయంలో దవాఖానలో పరీక్ష చేసి నాకు చక్కెర ఉందన్నారు. ఏడుస్తూ పుట్టింటికి వెళ్ళాను. అప్పటికి తాతయ్య మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. నా మాట విని తమ్ముణ్ణి కూడా దగ్గరికి పిలిచాడు. తన బొటనవేలు మా ముందుకు చాపాడు. దాని మీద శంఖం ఉంది.

"గోడ మీద ఉన్నది మీ అమ్మది కాదు బిడ్డా, నాదే. మీరు తింటలేరని అట్ల చేసిన. తమ్ముణ్ణి గూడ దవాఖానకు తోల్కపో" అన్నాడు.

తమ్ముడు నవ్వేశాడు. "తాతకు యాది తప్పింది అక్కా. అమ్మ వేలు నాకు తెల్వదా?"

ఎంత బతిమాలినా వాడు పరీక్షకు రాలేదు. గోడను నమ్మాడు, తాతను నమ్మలేదు. నమ్మితే భయం తిరిగొస్తుంది, అమ్మ ముద్ర కూడా పోతుంది. పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు? ఏళ్ళు గడిచాక మగ్గం తొక్కే కాలికి పుండు లేచింది. కాలు తిమ్మిరెక్కి ఉంది కనుక నొప్పే తెలియలేదు. దవాఖానకు తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. అమ్మ దారిలోనే పోయాడు.

వేలిగీతల తీరులో పెద్దల పోలిక కొంత వస్తుందట, కానీ ఆ గీతలు చూసి నీకు చక్కెర వస్తుందని గానీ రాదని గానీ చెప్పలేమని మా డాక్టరమ్మ అంటుంది. అత్త చూసిందీ ఉత్తదే, తాతయ్య చూపించిందీ ఉత్తదే. అయినా తాతయ్య మీద నాకు కోపం రాదు. ఏడ్చే పిల్లలకు ఆ పూట అన్నం తినిపించాడు. కానీ ఆ మాట అప్పటికి సరే, మేం ఎదిగాకైనా నిజం చెప్పవద్దా తాతా అని అడగాలనిపిస్తుంది. అడగడానికి మనిషి లేడు. అందుకే మా ఇంట్లో పిల్లల భయం పోగొట్టడానికి ఏ కథ చెప్పినా, వాళ్ళు కాస్త ఎదగగానే పిలిచి అది కథేనని చెబుతాను.

మొన్న తమ్ముడి కొడుకు వచ్చాడు. వాడి నవ్వు అచ్చం వాళ్ళ నాన్నదే. నేను చక్కెర చూసుకునే మిషను తీసి ముందు పెట్టుకోగానే, తనంతట తానే వేలు చాపాడు.

"ఏం జూస్తవత్తా, చక్రమా, శంఖమా?"

ఏదైతే ఏందిరా అని సూది గుచ్చాను. ఎర్రటి చుక్క పైకి తేలింది. ఈ ఒక్క వేలి కోసం వాళ్ళ నాన్నను ఎన్నేళ్ళు బతిమాలానో. వీడు అడగకుండానే ఇచ్చాడు.