పేరు రాసిన పొట్లం

బస్సు సీట్లు చిరగడానికి అసలు కారణం మనుషుల వేళ్ళు. ఏ ఊళ్ళో ఏ బస్సు ఎక్కినా ఈ సంగతి కళ్ళారా చూడొచ్చు. కిటికీ పక్కన కూర్చున్నవాడి చూపు బయట ఉంటుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది, వేలు మాత్రం కుట్టు వదులైన చోటు వెతుక్కుని అందులో దూరి లోపలి స్పాంజిని కొంచెం కొంచెంగా గిల్లి కింద పోస్తుంటుంది. ఎందుకయ్యా చింపావంటే నేను కాదంటాడు. అబద్ధమనీ అనలేం, అతనికి నిజంగానే తెలీదు. రాజ్యాలు కూలిన కథలు చదివినా అంతే. కత్తి దూసినవాళ్ళకంటే ఊరికే కూర్చుని గిల్లినవాళ్ళే ఎక్కువ కనబడతారు.

అలా చిరిగిన సీట్లన్నీ చివరికి డిపో వెనకాల రేకుల షెడ్డుకి చేరతాయి. అక్కడ పొడుగాటి బల్ల, దాని మీద రెక్సిన్ చుట్టలు, మూలన ఇనప కుట్టుమిషను, గోడ మేకులకు వేలాడే దబ్బనాలు, మైనం పట్టించిన దారపు ఉండలు. వీటన్నిటి మధ్య ముక్కాలిపీట మీద ఒకావిడ. ఇంట్లో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు సీట్లత్త. దబ్బనం నెట్టీ నెట్టీ బొటనవేలు కాయ కాచింది. ఏ సబ్బుతో తోమినా చేతులకి పట్టిన జిగురు వాసన వదలదు. పెళ్ళి కాలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఒక్కొక్కరే కాలం చేశారు, ఇప్పుడా గొడవ కూడా లేదు. ఇద్దరు తమ్ముళ్ళని ఆ మిషను మీదే చదివించింది, వాళ్ళకి పిల్లలు పుట్టాక ఆవిడకి ఏడాదంతా ఒక ఎత్తు, క్రిస్మస్ పొద్దు ఒక్కటీ ఒక ఎత్తు అయింది.

ఆ ఇంట్లో పిల్లల కానుకలకి ఒక పద్ధతి ఉంది. మంచం మీద దుప్పటి పరిచి పొట్లాలన్నీ కుప్పగా పోస్తారు. పొట్లం మీద పుచ్చుకునే పిల్లల పేరు ఉంటుంది, ఇచ్చినవాళ్ళ పేరు ఉండదు. ఎవరు ఏది తెచ్చారో పిల్లలకి తెలీదు, పెద్దవాళ్ళు అడగరు. పద్ధతి పెట్టింది సీట్లత్త వాళ్ళమ్మ. ఆవిడ అన్నదమ్ముల్లో ఒకడికి బట్టల దుకాణం ఉండేది, ఇంకొకడు దొరికిన పని చేసేవాడు. ఒక ఏడు దుకాణం మావయ్య తెచ్చిన కీ ఇచ్చే రైలు గదంతా తిరుగుతుంటే, రెండో మావయ్య తెచ్చిన పొట్లాన్ని ఎవరూ విప్పనైనా లేదు. ఆయన చెప్పులేసుకుని, ఇప్పుడే వస్తానని వెళ్ళి, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మరుసటి ఏటి నుంచి పేర్లు మాయమయ్యాయి.

ఆవిడ పెద్దగా చదువుకోలేదు గానీ, దేశాలు తిరిగినవాళ్ళు ఆలస్యంగా తెలుసుకునే విషయం ఇంట్లో కూర్చునే పట్టుకుంది. పాత వంతెనల మొదట్లో దాతల పేర్లు చెక్కిన రాళ్ళు ఎన్ని కనబడతాయో. దారిన పోయేవాడు ఆ రాయికి చెప్పు ఆనించి బురద గీక్కుంటాడు. పేరు లేని వంతెన దాటినవాడే ఎప్పుడో ఒకసారి ఆగి, ఎవడు కట్టాడో మహానుభావుడు అనుకుంటాడు.

తల్లి పోయింది. కొన్నాళ్ళకి చిన్న తమ్ముడూ పోయాడు, అంటే బతికే ఉన్నాడు, ఇల్లు వదిలి పోయాడు. పెద్ద గొడవేం జరగలేదు. దూరపు ఊళ్ళో గోడౌనులో పని దొరికిందన్నాడు, వెళ్ళాడు, మొదట్లో ఫోన్లు చేశాడు, తర్వాత మానేశాడు. ఇక్కడ మిగిలింది భార్య, ఒక కూతురు. ఆ పిల్లని అందరూ పిట్ట అనేవాళ్ళు. మనిషి అంతే ఉండేది, మాట అంతకంటే తక్కువ.

తండ్రి వెళ్ళాక వచ్చిన మొదటి క్రిస్మస్ నాడు పిట్ట ఆ కుప్ప ముందు నిలబడి, "ఇందులో నాన్నది ఏది?" అంది.

గదిలో అందరూ ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకున్నారు. సీట్లత్త నోరు మనసునడక్కుండానే పలికింది.

"అదిగో, ఆ నీలంది."

నీలంది ఆవిడ తెచ్చిందే. పిట్ట దాన్ని విప్పలేదు. చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పట్నుంచి ఏటా పిట్టకి ఆవిడ రెండు పొట్లాలు చేసేది. ఒకటి తనది, డిపోలో మిగిలిన రెక్సిన్ ముక్కలతో. రెండోది తండ్రిది. దానికి మంచి బట్ట, వేరే దారం, వేరే రకం కుట్టు. ఒకే చెయ్యి ఇద్దరు మనుషుల్లా కుట్టడం ఎంత కష్టమో కుట్టేవాళ్ళకే తెలుస్తుంది. సంతకం మార్చి రాయొచ్చు గానీ, దారం లాగే బిగువు మార్చడం అంత తేలిక కాదు. పిట్ట తల్లి కూడా ఒకసారి చాటుగా అడిగింది.

"వదినా, ఆయన డిపోకొచ్చి ఇచ్చి వెళ్తున్నారా?"

"రాడు. డ్రైవర్లెవరి చేతో పంపుతాడు," అంది సీట్లత్త.

ఆ మరదలు ఆసుపత్రి కిటికీ దగ్గర కూర్చుని చీటీలు రాసే మనిషి. రోజంతా జబ్బులు వింటూ ఉంటుంది. ఆ మాట విన్నాక వారంరోజులు తలలో పువ్వు పెట్టుకుంది. అది చూశాక సీట్లత్తకి నిజం చెప్పే దారి మూసుకుపోయింది.

ఇలా ఎన్నేళ్ళు సాగేదో. పెద్ద తమ్ముడి భార్య బళ్ళో టీచరు. చెడ్డమనిషి కాదు, లోకాన్ని వరసలో నిలబెడితే తప్ప ఊపిరాడని మనిషి. క్రిస్మస్ ఇంకో నెల ఉందనగా ఒక ఆదివారం అందరూ వాళ్ళింట్లో కూర్చుని ఉంటే, కప్పులు సర్దుతూ మొదలుపెట్టింది.

"వదినా, ఈసారి పొట్లాల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు రాద్దాం."

"ఎందుకే? ఇన్నేళ్ళూ పేర్లు తెలీక పిల్లలకి అరగలేదా?"

"నవ్వకండి. పోయినేడు మావాడికి సైకిలు కొన్నామా. ఎవరిచ్చార్రా అంటే, కుప్పలోంచి వచ్చింది అంటాడు. కుప్పేమన్నా సైకిళ్ళని కంటుందా?"

"నేను కూడా కుప్పలోంచే వచ్చాననుకుంటున్నాడేమో," అన్నాడు పెద్ద తమ్ముడు. ఏ తగువులోనైనా ఒక జోకు వేసి పక్కకి జరిగిపోవడం అతని పద్ధతి.

"మీరు ఊరుకోండి. వదినా, తీసుకోవడమే తప్ప థాంక్స్ చెప్పడం రాని పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. మన పిల్లలు కూడా అలాగే తయారవ్వాలా?"

"అమ్మ పెట్టిన పద్ధతే అది."

"అత్తయ్యగారు ఆ రోజులకి పెట్టారు."

"పేర్లు రాస్తే ఎవరి చెయ్యి పెద్దదో, ఎవరిది చిన్నదో కూడా పిల్లలు నేర్చుకుంటారు."

"నేర్చుకోనివ్వండి. ఉన్నదేగా."

సీట్లత్తకి కోపం రాలేదు. తన రెక్సిన్ సంచులు ఆ సైకిలు పక్కన ఎలా ఉంటాయో తెలుసు, దానికి ఎప్పుడో మనసు రాయి చేసుకుంది. ఆవిడ భయమంతా పిట్ట రెండో పొట్లం గురించే. కాస్త గట్టిగా కాదందామని నోరు తెరిచేలోపు, పిట్ట తల్లి అందుకుంది.

"పేర్లుంటేనే బాగుంటుందేమో వదినా. నాన్న పేరు కళ్ళారా చూసుకుంటే దానికీ కాస్త ధైర్యంగా ఉంటుంది."

ఇంక కాదనడానికి ఏం మిగిలింది? ఆ క్షణాన ఇద్దరు మరదళ్ళనీ వంటింట్లోకి పిలిచి ఉన్నమాట చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. పిట్టకి పుస్తకాల సంచి కుట్టాలని అప్పటికే ముదురెరుపు బట్ట కొని పెట్టుకుంది. ఆ బట్ట గురించి ఆలోచిస్తూ కూర్చుంది. మనిషి బుర్ర అంతే, ఇల్లు అంటుకున్నప్పుడు అరుగు ఊడ్చుకుంటుంది.

తమ్ముడికి ఫోను చేసింది. అక్క నంబరని చూస్తే అతను ఎత్తడు. మోగింది, ఆగింది. మరో రోజు చేసింది, అదే వరస. సరే, ఒక్క ముక్క రాయడమే కదా అనుకుంది. తన చేతిరాత ఇంట్లో అందరికీ తెలుసు. డిపోలో బస్సులకి ఊళ్ళ పేర్లు రాసే పెయింటరు దగ్గరికి అట్టముక్క పట్టుకెళ్ళింది.

"ఏం రాయాలక్కా?"

"ప్రేమతో నాన్న, అని."

"ఎవరా నాన్న?"

"ఎవరైతే నీకెందుకు?"

"మనిషెలాంటివాడో తెలిస్తే అక్షరం కుదురుతుంది."

"పొడుగ్గా ఉంటాడు. ఒక్కచోట నిలవడు."

"అయితే వాలుగా లాగుతా," అని అతను కుంచె తిప్పాడు. ఎక్కడా ఆగని బస్సు మీద రాసినట్టు వచ్చాయి అక్షరాలు, నీడలతో సహా. బాగులేవని చెప్పడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.

క్రిస్మస్ వచ్చింది. పెద్ద తమ్ముడింట్లో మంచం మీద దుప్పటి, దాని మీద కుప్ప, ఈసారి ప్రతి పొట్లానికీ ఒక చీటీ. పిల్లలు విప్పుతూ పేర్లు పైకి చదవాలని టీచరు మరదలు చెప్పింది. చదివారు. పెద్ద పొట్లాల మీద వాళ్ళ అమ్మానాన్నల పేర్లు, చిన్నవాటి మీద మిగతావాళ్ళవి. సీట్లత్త ఇచ్చిన పెన్సిళ్ళ సంచుల్ని టీచరు కొడుకులు అటూ ఇటూ తిప్పి చూసి, "బస్సు వాసనొస్తోంది," అనుకుని నవ్వుకున్నారు. ముందైతే ఆ నవ్వు ఎవరికీ తగిలేది కాదు.

పిట్ట వంతు వచ్చింది. చీటీ తిప్పి చదివింది. "ప్రేమతో నాన్న."

"మావాడు పొట్లం పంపాడా, బస్సు పంపాడా?" అన్నాడు పెద్ద తమ్ముడు ఆ అక్షరాలు చూసి. అందరూ నవ్వారు. పిట్ట తల్లి కూడా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పిట్ట ఎర్ర సంచిని భుజానికి తగిలించుకుంది. ఆ కాసేపూ సీట్లత్తకి గండం గడిచిందనిపించింది.

"ఇప్పుడు ఎవరిచ్చారో వాళ్ళ దగ్గరికెళ్ళి థాంక్స్ చెప్పాలి," అంది టీచరు మరదలు. "ఇక్కడ లేనివాళ్ళకి ఫోన్లో చెప్పాలి. పిట్టా, ఇలా రా. చెల్లీ, మీ ఆయన నంబరెంత?"

పిట్ట తల్లి నంబరు చూడకుండా గడగడా అప్పజెప్పింది.

"ఇప్పుడెందుకే, పనిలో ఉంటాడు," అంది సీట్లత్త.

"పండగపూట ఏం పని వదినా? రెండు మాటలేగా."

"నేను చెప్తాలే తర్వాత."

"మీరు చెప్పడమేంటి? ఇచ్చింది దానికి కదా."

అప్పటికే టీచరు మరదలి ఫోను పిట్ట చేతికి వెళ్ళిపోయింది. గదిలో గోలగా ఉందని ఆ పిల్ల మెట్ల దగ్గరికి నడిచింది. మంచినీళ్ళ చెంబు వంకతో సీట్లత్త వెనకాలే వెళ్ళి తలుపు పక్కన నిలబడింది. అటు అతనికి అది తెలియని నంబరు. ఎత్తాడు.

"నాన్నా, నేను. పిట్టని." కాస్త ఆగింది. "సంచి బాగుంది. థాంక్స్."

అవతల ఏదో అన్నారు.

"నువ్వు పంపిన సంచి. ఎర్రది. నీ పేరు రాసుంది."

ఈసారి అవతలి గొంతు సీట్లత్తకి కూడా వినిపించింది. కసురుకోలేదు, కోపమూ లేదు. పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టినవాడికి చెప్పినట్టు చెప్పాడు. "నేనేం పంపలేదమ్మా. ఎవరు చెప్పారు? సరే, పనిలో ఉన్నా, ఉంటా."

పిట్ట ఫోనుని చెవి నుంచి కాస్త దూరంగా జరిపింది. ఫోను అద్దం వెలిగి, దాని మీద టీచరు కొడుకులిద్దరి ఫొటో నవ్వుతూ కనబడింది. మాట తెగిపోయిందని ఆ ఫొటో చెబుతోంది. పిట్ట ఆ ఫొటోని బుగ్గకి ఆనించుకుని, గదిలోకి వినిపించేంత గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఆఁ నాన్నా. బాగా చదువుతున్నా. అమ్మ బాగుంది. ఆఁ, పట్టింది, పుస్తకాలన్నీ పట్టాయి. నువ్వు కూడా వేళకి తిను. సరే. సరే నాన్నా, ఉంటా."

సీట్లత్త చేతిలో చెంబు వంగి నీళ్ళు పాదాల మీద పడ్డాయి. పిట్ట వెనక్కి తిరిగి ఆవిణ్ణి చూసింది. భుజాన ఉన్న సంచి పట్టీ మీద కుట్టు వెంబడి వేలు ఒకసారి పై నుంచి కిందకి నడిపింది, అంతే. కుట్టు మార్చినా బిగువు మారదని ఆవిడ ఎప్పట్నుంచో భయపడిన చోట ఆ వేలు ఆగింది.

గదిలోకి వెళ్ళాక తల్లి ఆత్రంగా, "ఏమన్నారే?" అంది.

"నచ్చిందా అని అడిగాడు. బాగా చదువుకోమన్నాడు. నువ్వెలా ఉన్నావన్నాడు."

"చూశారా వదినా?" అంది టీచరు మరదలు నిజమైన సంతోషంతో. "ఎంత ముద్దుగా మాట్లాడిందో. నేను చెప్పింది ఇందుకే."

తర్వాత పిల్లలు వరసగా థాంక్స్ చెబుతూ వచ్చారు. పిట్ట సీట్లత్త ముందుకి వచ్చి తనకొచ్చిన పెన్సిళ్ళ సంచి చూపించి, బళ్ళో నేర్పినట్టు మెడ వంచి, "థాంక్స్ అత్తా," అంది. ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. పిట్ట చెయ్యి ఇచ్చింది గానీ, బస్సులో పక్కవాళ్ళకి దారిచ్చేవాళ్ళలా ఇచ్చింది.

"పిట్టా, నేను..."

"అమ్మకి చెప్పకత్తా," అంది పిట్ట మెల్లగా. "మళ్ళీ ఏడుస్తుంది."

ఇంకో మాట కూడా అంది, అది అందరికీ వినబడింది.

"వచ్చే ఏడు నుంచి నాకేం వద్దు. నాన్నది కూడా వద్దు. పెద్దదాన్నయ్యాను కదా."

పెద్ద తమ్ముడు ఏదో జోకు వెయ్యబోయి, ఎందుకో మానేశాడు. పిట్ట తల్లి నవ్వుతూనే ఉంది, కూతురు పెద్దదయిందని. భోజనాలకి పిలుపొచ్చి ఒక్కొక్కరే లేచారు. సీట్లత్త మంచం అంచున కూర్చుని చిరిగిన రంగుకాగితాలు ఏరసాగింది. వాటి మధ్య వాలు అక్షరాల చీటీ ఉంటుందేమోనని చూసింది. లేదు. తలెత్తి చూస్తే పిట్ట దాన్ని తల్లి చేతికిస్తోంది, దాచుకోమని.