కెమెరా బదులు వచ్చిన చెవి మిషను

వినియోగదారుల హక్కుల గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు యానాంలో లేడని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆ హక్కుల పేరు చెప్పుకుని, బడి పిల్లలందరి ముందూ నేను వెలగబెట్టిన ఘనకార్యం మీకు చెప్పబోతున్నాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా అది గుర్తొస్తే గదిలో ఒక్కణ్ణే ఉన్నా తల పైకి లేవదు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. నేను చదువుకున్న హైస్కూల్లోనే సోషల్ మాస్టారి ఉద్యోగం వచ్చింది. ఎనిమిదో తరగతికి వినియోగదారుల హక్కుల పాఠం చెప్పడం మొదలుపెట్టానో లేదో, ఆ పాఠం నాకు కల్లు ఎక్కినట్టు ఎక్కింది. బడిలో వినియోగదారుల క్లబ్బు పెట్టాను. దానికి అధ్యక్షుణ్ణి నేనే. మా పిల్లలు బిస్కెట్ పాకెట్ల మీద తేదీలు చదివి ఫరంపేట కొట్టువాళ్ళతో తగువులకి దిగుతుంటే, దేశం బాగుపడుతోందని మురిసిపోయాను.

ఆ ఊపులోనే ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి ఆన్‌లైన్‌లో ఒక డిజిటల్ కెమెరాకి ఆర్డరు పెట్టాను. ఇంటర్నెట్లో వస్తువు కొనడమంటే అప్పట్లో మా ఊళ్ళో చంద్రుడి మీద స్థలం కొన్నంత గొప్ప. పగలు మా ఇంటికి తాళం ఉంటుంది కాబట్టి చిరునామా బడిదే ఇచ్చాను.

పది రోజులకి పార్సిలు వచ్చింది. కాకినాడ నుంచి మా ఊరికి కొరియర్లు తెచ్చే సత్తిబాబు దాన్ని ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. భోజనాల వేళ నేను ఆ పెట్టె చూశాను. వానకి తడిసిన చీటీ మీద ఇంగ్లీషులో నా పేరు మొదటి ఐదక్షరాలు కనబడ్డాయి. ఆ తర్వాతవి చదివే ఓపిక నాకు లేదు. ఆకలి మీదున్నవాడు పనసపండు చీల్చినట్టు అట్టపెట్టె చీల్చేశాను.

లోపల కెమెరా లేదు. చిన్న డబ్బా, అందులో మెత్తటి గుడ్డ, ఆ గుడ్డ మీద జీడిపప్పంత యంత్రం, దానికి సన్నటి గొట్టం. చెవి మిషను.

మీరైతే ఏం చేస్తారు? చీటీ ఇంకోసారి చూస్తారు. మా హెడ్మాస్టరు గారు కూడా అదే దారిలో మాట్లాడారు. "పోన్లెండి మాస్టారూ, ఏదో తారుమారైపోయుంటది. ఓసారి ఫోన్ చేసి కనుక్కోండి" అన్నారు.

"ఫోన్ చేస్తే మనం బతిమాలుకుంటన్నట్టు ఉంటదండి. హక్కుని అడుక్కోకూడదు" అన్నాను.

ఆయన నా మొహం ఒకసారి చూసి, మజ్జిగన్నంలోకి తల దించుకున్నారు.

మర్నాడు ఉదయం ప్రార్థన అయిపోగానే మైకు పుచ్చుకున్నాను. డబ్బా పైకెత్తి చూపించాను. "పిల్లలూ, నేను కెమెరా అడిగాను. ఆ కంపెనీ నాకు చెవిటి మిషను పంపింది. నేనేమన్నా చెవిటివాణ్ణా?"

"కాదు సార్" అంది బడి మొత్తం.

అక్కడితో ఆపి ఉంటే ఈ కథ రాయాల్సిన పనే ఉండేది కాదు. పిల్లల నవ్వు చూసేసరికి నాకు పూనకం వచ్చింది. ఆ మిషను చెవికి తగిలించుకుని, నడుం వంచి, చెయ్యి చెవికి అడ్డంపెట్టి, "ఆఁ? ఏటీ? కాస్త గట్టిగా చెప్పండ్రా" అని చెవిటివాడి వేషం కట్టాను. దరియాలతిప్ప నుంచి వచ్చే పిల్లలైతే ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న మా ప్రభావతి టీచరు గారు కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టారు.

ప్రభావతి టీచరు గారు మా బడిలో అందరికంటే పెద్ద తెలుగు టీచరు. నాకు తెలుగు చెప్పింది ఆవిడే. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. అంతటి మనిషి నా వేషానికి చప్పట్లు కొట్టారని ఆ రోజంతా గాల్లో నడిచాను.

చెవి మిషనుని మూడు పేజీల ఫిర్యాదుతో కలిపి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను. రాతపూర్వకంగా క్షమాపణ చెప్పకపోతే పాండిచ్చేరిలో కేసు వేస్తానని చివర్లో బెదిరించాను కూడా.

నాలుగు రోజుల తర్వాత సత్తిబాబు నా క్లాసు గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో ఇంకో పెట్టె.

"మాస్టారండీ, మీకు పార్సిలొచ్చిందండి."

"మళ్ళీ ఏం చెత్త తెచ్చావ్?"

"నాకేటి తెలుసండీ లోపలేముందో. మీ పేరే రాసుందండి. ఓపాలి సూడండి."

పిల్లలు నన్నే చూస్తున్నారు. పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదనిపించింది. "ఫిర్యాదు తేలేదాకా ఆ కంపెనీ నుంచి ఏదీ తీసుకోను. నిరాకరించడం కూడా వినియోగదారుడి హక్కే. అర్థమైందా?" అని సత్తిబాబుకి చెప్తున్నట్టుగా క్లాసుకి చెప్పాను.

"తీసేసుకోండి మాస్టారండీ, మళ్ళీ తిప్పి పంపితే ఎన్నాళ్ళకొస్తదో."

"తీసుకోనని రాసుకో. సంతకం పెడతాను."

పెట్టాను. అంత అందమైన సంతకం నా జీవితంలో మళ్ళీ పెట్టలేదు.

మూడు వారాలకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. క్లబ్బు పిల్లల్ని కూర్చోబెట్టి, విజయవార్త చదివే నాయకుడిలా కవరు చింపాను. ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

చప్పట్లు.

"మీ ఫిర్యాదుని మేము క్షుణ్ణంగా పరిశీలించాము."

ఇంకా గట్టిగా చప్పట్లు.

"మీరు ఆర్డరు చేసిన కెమెరాని మీరే సంతకం పెట్టి తిప్పి పంపినట్టు..." నా గొంతు కొంచెం తగ్గింది. "మీరు మాకు వాపసు చేసిన వస్తువు మీది కాదు. అది శ్రీమతి..."

ఆ పేరు దగ్గర చదవడం ఆపేశాను. కాగితం వెనక లేబులు జెరాక్స్ కూడా జతచేశారు. ప్రభావతి. నా పేరు ప్రభుదాసు. ఇంగ్లీషులో ఇద్దరికీ మొదటి ఐదక్షరాలూ ఒకటే.

"శ్రీమతి ఎవరండి సార్?" అని అడిగారు పిల్లలు.

"మిగతాది ఆఫీసు విషయం" అని ఉత్తరం మడిచేశాను. మైకు ముందు నేను కట్టిన వేషం, నడుం వంచడం, చెయ్యి అడ్డం పెట్టడం, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. టీ తాగుతారా అని అడిగితే ఈమధ్య ఆవిడ రేపు సెలవే కదా అనడం, అది వయసు పరధ్యానమని మేము నవ్వుకోవడం కూడా గుర్తొచ్చాయి. భూమి రెండుగా చీలితే బావుండునని చూశాను. మా బడి నేల సిమెంటుది, చీలలేదు.

సాయంత్రం స్టాఫ్ రూములో ఆవిడ ఒక్కరే కూర్చుని కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతున్నారు. దగ్గరకెళ్ళి రహస్యంగా, "టీచర్ గారూ, నన్ను క్షమించండి" అన్నాను.

"ఆఁ? ఎవర్ని పిలవాలి?"

"క్షమించమంటన్నానండి."

"కొంచెం గట్టిగా చెప్పరా."

గొంతు పెంచాను. పక్క గదిలోంచి హెడ్మాస్టరు గారు తొంగిచూసి, "ఏంటి మాస్టారూ, ఏమైంది?" అన్నారు.

"ఏం లేదండి, సంధులు అడుగుతున్నాను" అన్నాను.

ఆయన వెళ్ళిపోయాక ఒక కాగితం తీసుకుని రాశాను: 'ఆ మిషను మీదని నాకు తెలియదు. క్షమిచండి.' ఆవిడ చదివారు. ఎర్ర పెన్ను తీసి, 'మి' పక్కన సున్నా పెట్టారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"నాదని ఆవేళే తెలుసురా. నీ కెమెరా కంపెనీ దగ్గరే, డబ్బా బొమ్మ ఇంటర్నెట్లో చూసే కదా కొన్నాను. కాకినాడలో కొంటే మన చర్చివాళ్ళు ఎవరో ఒకళ్ళు చూస్తారని, మా మేనకోడలి చేత ఇలా బడి చిరునామాకి తెప్పించుకున్నాను. చెవులు పోయాయని తెలిస్తే నన్ను క్లాసుకి పంపరని భయం. ఈ రెండేళ్ళూ లైబ్రరీలో బీరువాలకి కాపలా కూర్చోవాలేమోనని."

నేను కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అందరూ చప్పట్లు కొడతన్నారు. నేనొక్కదాన్నీ కొట్టకపోతే తెలిసిపోద్దని కొట్టాను" అన్నారావిడ, మళ్ళీ పుస్తకాల్లోకి చూస్తూ.

నేను తిన్న తిట్లన్నీ ఒక పక్కా, ఆ మాట ఒక పక్కా పెడితే, ఆ మాటే బరువు.

మర్నాడే ఎస్టీడీ బూత్‌కెళ్ళి కంపెనీకి ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "సర్, మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నారా, కొత్తది ఇస్తున్నారా?" అంది.

"కొత్తదే అమ్మా. నా మీదే" అన్నాను.

చెవి మిషను తిరిగొచ్చింది. ఈసారి పెట్టె తెరవకుండా, గుడ్డులా రెండు చేతులతో పట్టుకుని అగ్రహారంలో ఆవిడ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను.

పిల్లలకి నిజం చెప్పకుండా తప్పించుకోవడం కుదరదు. ఆవిడ పేరు బయటపెట్టడానికీ వీల్లేదు. సోమవారం మైకు ముందు నిలబడి, "కంపెనీ తప్పేమీ లేదు. పార్సిలు మీద పేరు చదవకుండా వేరేవాళ్ళది విప్పేసింది నేను. వెక్కిరించిందీ నేనే. రెండూ తప్పే" అన్నాను.

"మరి ఆ మిషను ఎవరిదండి సార్?" అని వెనక వరసల్లోంచి అడిగారు.

నేను అబద్ధం వెతుక్కునేలోపు ప్రభావతి టీచరు గారు కుర్చీలోంచి లేచారు. చెవి మీది జుట్టు వెనక్కి తీసి చూపించారు. "నాది. ఇకనించి డిక్టేషన్లో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేది కూడా నాకు వినబడద్ది."

ఎవరూ నవ్వలేదు. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆవిడ్ని లైబ్రరీకి ఎవరూ పంపలేదు.

నేను తలొంచుకుని క్లాసుకి పోతుంటే ఆవిడ వెనక నుంచి పిలిచారు. "ఒరే, మన ఇద్దరి క్లాసులకీ మధ్య ఒక్క గోడేగా. నువ్విన్నాళ్ళూ పాఠం ఇంత అరిచి చెప్తన్నావని నాకు తెలీదురా. నీ పీరియడ్లో మాత్రం దీన్ని తీసి డబ్బాలో పెట్టేసుకుంటాను."

కావున ప్రభుదాసు అనే నేను, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేయునది ఏమనగా: పేరు ఆసాంతం చదవనిదే ఏ పార్సిలు మీదా చెయ్యి వెయ్యను. చేతికి మైకు దొరికినంత మాత్రాన ఎవరి లోపాన్నీ వేషం కట్టను. ఇది ఎవరి బలవంతమూ లేకుండా, కేవలం సిగ్గుతో రాసి ఇచ్చిన పత్రం.